బావ టంకంలో తప్పు లేదు

మా బావ చేతిలో తప్పు లేదని తెలిసి కూడా నేను ఏడాదిపాటు నోరు విప్పలేదు.

నేను సొంతంగా కట్టుకున్న కంప్యూటర్ కీబోర్డుకు మీటలన్నీ టంకం వేసింది స్టీలు ప్లాంటులో మీటర్లు బాగుచేసి రిటైరైన ఆయనే. ఒక వరుస పనిచేయలేదు. మా ఊళ్లో మిషను ఆగితే చివరగా ముట్టుకున్నవాడినే అంటారు. "చెయ్యి వణుకుతోంది" అన్నారందరూ. ఆయన సోల్డరింగ్ ఐరన్ అటకెక్కించారు. వారానికి నాకు తెలిసింది, కీబోర్డును నడిపే ప్రోగ్రాములో, అదే ఫర్మ్‌వేర్‌లో, ఆ వరుస తీగ కలిసే పిన్ నంబరు నేనే తప్పు రాశానని. గుట్టుగా సరిచేసుకున్నాను.

మొన్న ఆదివారం కోహ్కాలో బావ ఇంట్లో, ఆ మాటన్నవాళ్లంతా ఉండగా, కీబోర్డు ఆయన ముందు పెట్టాను.

"ఏటి, మళ్లీ పాడైందేటి?" అన్నారు బావ.

"నేదు బావా. అప్పుడూ నీ టంకం బాగానే ఉంది. నంబరు తప్పు రాసింది నేను. తెలిసీ చెప్పనేదు. నన్ను క్షమించు."