తాంబూలం సంచి మీద మామ పేరు

కంప్యూటర్ అంటే చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లవలసిన గది అని మేమంతా నమ్మిన కాలం. తొంభైల చివర్లో, తొమ్మిదో తరగతి నన్ను వదిలిందో, నేను దాన్ని వదిలానో తేలకముందే (మా అమ్మ దృష్టిలో తప్పు మాత్రం నాదే), సముద్రం పక్కనే ఉన్న తిరువొత్తియూరులో అలాంటి ఒక గదిలో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టింది అక్క. సొంత అక్క కాదు, యజమాని. పెళ్లికి వచ్చినవాళ్ల చేతికిచ్చే తాంబూలం సంచుల మీద వధూవరుల పేర్లు అచ్చువేసే చిన్న వ్యాపారం ఆమెది. పూలతీగలు గీసి, నడుమ ఆ పేర్లు పేర్చడం నా పని. సముద్రపు గాలికి ఫ్లాపీలు బూజు పట్టి చచ్చేవి కనుక, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన మెయిలు పెట్టెకు మా డిజైన్లు మేమే పంపుకొని దాచుకునేవాళ్లం. బ్రౌజింగ్ సెంటర్లో ఒక డిజైను ఎక్కేలోపు ఒక టీ తాగి, ఇంకో టీ గురించి తీరిగ్గా ఆలోచించవచ్చు.

దాచడం సులువే, వెతకడమే నరకం. మా దగ్గరికి వచ్చే పెళ్లికూతుళ్లలో సగంమంది లక్ష్ములు, పెళ్లికొడుకుల్లో సగంమంది వెంకటేశులు. అందుకని నేనొక మహత్తర పద్ధతి కనిపెట్టాను: సంచులకు ఆర్డరు చెప్పడానికి వచ్చిన మనిషి వాలకం చూసి ఫైలుకు పేరు పెట్టడం. బేరమాడుతూ మా బెంచీ మీదే గురకపెట్టినాయన నిద్రమామ. ప్రతి రంగునూ తన చీరతో పోల్చి చూసుకున్నావిడ చీరత్త. ఎన్నూరు కరెంటు కేంద్రంలో పనిచేసే ఒకాయన 'బాగుండావా పాపా' అని అడిగినా దెబ్బలాటకు దిగినట్టే ఉండేది. ఆయన అరిచే మామ. ఇంగ్లీషు అక్షరాలు ఎనిమిది దాటితే మా ముసలి కంప్యూటర్ ఒప్పుకోదు గనుక పాపం 'అరిచేమా' దగ్గర ఆగిపోయాడు. అక్క ఏ డిజైను అడిగినా చిటికెలో తీసిచ్చేదాన్ని. నా తెలివికి నేనే మురిసిపోయేదాన్ని.

అచ్చుకు కావలసిన ఫిల్ము తీసే మిషను, ఫైలు పేరును ఫిల్ము అంచున తనంతట తానే వేస్తుంది. అది సంచి మీద పడకుండా అచ్చుకు ముందు దాని మీద టేపు అంటించాలి. ఆ ఒక్కసారి మా అచ్చు షెడ్డులో ఎవరూ అంటించలేదు. ఎల్లుండి అరిచే మామ కూతురి పెళ్లనగా కట్టలు విప్పితే, ప్రతి సంచి మీదా లక్ష్మీ వెంకటేశుల కింద చీమంత అక్షరాల్లో ఆయనకు నేను పెట్టిన పేరు!

"ఏమ్మే, నీ నోరు ఊరుకోదని తెలుసు, నీ ఫైలు కూడా ఊరుకోదా?" అంది అక్క. "మళ్లీ అచ్చెయ్యను టైము లేదు. మామ ఈ సంచులు వద్దన్నాడనుకో, రేపట్నించి నువ్వు కూడా వద్దు." రొయ్యలు ఒలిచే కంపెనీలో అమ్మ నాకు అప్పటికే చోటు చూసిపెట్టింది. పొద్దంతా ఐసులో వేళ్లు.

మామ, వాళ్లావిడ అత్తను వెంటబెట్టుకుని రానే వచ్చాడు. సంచిని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఎవురిదిది, అరిచేమా?" అన్నాడు.

"అది... డిజైను కంపెనీ పేరు మామా," అంది అక్క. (ఆమెకు అబద్ధమాడడం చేతకాదు. చెవులు ఎర్రబడతాయి.)

అత్త సంచి లాక్కుని చదివింది. కొంగు నోటికడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. "కంపెనీ కాదు, నువ్వే! అరిచే మామ! పేరు బలే పెట్టినారు పో!"

"నేను అరుస్తానా?" అన్నాడు మామ. ఎదురుగా టీకొట్టాయన గ్లాసు పట్టుకునే బయటికి వచ్చి, ఏమైందని చూశాడు.

"ఇన్నేండ్లుగా చెప్తానే ఉండా. నీకు వినిపిస్తే కదా! ఆడ కరెంటు కేంద్రంలో మిషన్ల పక్కనే నిలబడి నిలబడి చెవులు పోగొట్టుకున్నావు."

మామ బెంచీ మీద కూలబడ్డాడు. "పేరు నేనే పెట్టినా మామా, తప్పైపోయింది," అన్నాను. ఆయన నన్ను చూడకుండా అత్తతో అన్నాడు: "నిశ్చితార్థం కాడ మగపిల్లోడి అమ్మ బిగుసుకుపోయిందే, అందుకేనా? నేను కోపంగా ఉండానని అనుకునిందా?"

"మరి? రేపు మన పాపను ఎట్ల చూసుకుంటారో అని నేను దిగులుపడతా ఉండేది దానికే."

మామ లేచి కట్టలు ఆటోలో వేయించుకున్నాడు. "నా సంగతి నాకు తెలిసింది ఈ పాప వల్లే, దీన్ని పనిలోంచి తీసినావంటే ఊరుకోను," అని అక్కను బెదిరించి మరీ వెళ్లాడు. ఆ సాయంత్రం అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మెయిలు పెట్టెలోని ప్రతి ఫైలునూ దింపి, పెళ్లి తేదీ, ఇంటిపేరు మొదటి అక్షరాలతో పేరు పెట్టించింది. పాత పేరు ఒక్కొక్కటి చదివినప్పుడల్లా కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. (అక్కకే నేను పెట్టిన పేరున్న ఫైలును మాత్రం అంతకుముందే మార్చేశాను.) మిషన్ల దగ్గర నిలబడితే చెవులు పోతాయని తెలియక మామను వెక్కిరించాను, ఆయనా అక్కా మాత్రం నన్ను వదులుకోలేదు. ఇంత చదువుకు అంత మర్యాద ఎవరిస్తారు?

పెళ్లికి నేనూ వెళ్లాను. మామ మగపెళ్లివారి వరుస పొడవునా నడుస్తూ, ఒక్కొక్కరికీ సంచి తిప్పి ఆ అక్షరాలు చూపించాడు. "ఇది నేనే! చెవుడు, కోపం కాదు!" వియ్యపురాలు మొదట ఉలిక్కిపడింది, తర్వాత పగలబడి నవ్వి, మామ చెవి దగ్గర నోరుపెట్టి అంతకంటే గట్టిగా ఏదో అరిచింది. మామ మా పంక్తి వైపు చెయ్యి చాచి, "నాకు పేరు పెట్టిన పాప, అదో!" అని మండపమంతా మోగేలా కేక వేశాడు. విస్తరాకు మీదికి వంగిపోయిన ఆ పిల్ల తల, అప్పటి నా తల, నాకిప్పటికీ కనిపిస్తుంది. పక్కన కూర్చుని చెప్పాలనిపిస్తుంది: తలెత్తవే పిచ్చిదానా, నీ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు, పాయసం తాగు.