జయకర్ ఊపిరి, జయకర్ నెత్తురు

బహ్రెయిన్‌లో సెలవురోజైన శుక్రవారం ఆరాధన అయ్యాక జయకర్ వ్యాను వెనక్కి తీస్తూ, ఆగి ఉన్న పోలీసు కారుకు తగిలించాడు. కారుకేమీ కాలేదు. లోపల కూర్చున్న పోలీసు ఒళ్లో మాత్రం టీ ఒలికింది. ఆయన దిగివచ్చి మిషన్‌లోకి ఊదించాడు. తాగినట్టు చూపించింది.

అమలాపురం జయకర్ పుట్టి బుద్ధెరిగి మందు ముట్టలేదు. మా తెలుగు సంఘంలో ప్రభురాత్రి భోజనపు ద్రాక్షరసం మిగిలితే పారబోయరు. ఆ చివరి గుక్క అతనే తాగుతాడు, ఆ రోజూ తాగాడు. సంఘంలో పెద్దావిడ సువార్తమ్మగారు ఇంట్లో చేసిన ఆ రసం బహ్రెయిన్ ఎండకు వ్యానులోనే పులిసింది. ఆ సంగతి అందరి నాలుకలకూ తెలుసు, ఆవిడ మీద గౌరవంతో ఎవరూ పైకి అనలేదు.

"ఒప్పేసుకోవయ్యా, వదిలేస్తారు," అన్నారు పాస్టరు శాంతిరాజుగారు స్టేషన్లో.

"ఒప్పుకుంటే లైసెన్సు పోద్దండి, డ్రైవరుద్యోగం పోద్దండి. నోట్లో వాసన పట్టుకుని ఒంట్లో ఉందంటే ఎలాగండీ? నా నెత్తురు తీసి చూడమనండి!" జయకర్ బల్ల గుద్దాడు.

సల్మానియా ఆసుపత్రిలో తీసి చూశారు. నెత్తురులో మందు చుక్క లేదు. పోలీసు "ఖలాస్" అని లైసెన్సు చేతిలో పెట్టాడు.

"గుక్కెడు రసానికి సంఘం పరువు స్టేషను మెట్లెక్కించావు కదయ్యా!" అని పాస్టరుగారు వాపోయారు.

"ఎక్కించింది ఆ మిషనండి, నెత్తురిచ్చి దింపుకొచ్చింది నేనండి."