రెండు కొసలూ ఒకే స్విచ్‌లో

సంత్రాగాఛిలో నేను కంప్యూటర్లు చూసుకునే ఆసుపత్రిలో కరెంటు పోయి వచ్చాక, కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ ప్రాసెసర్ మీద లోడు పెరిగి ఎంతకీ దిగలేదు. రక్తపరీక్ష రిపోర్టు డాక్టరుగారికి చేరక ఒక ఆపరేషన్ ఆగిపోయింది. స్విచ్‌ని మూడుసార్లు ఆపి ఆన్ చేశాను. లాభం లేక కేబుళ్లు ఒక్కొక్కటే తడిమి చూస్తే, ఒకదాని రెండు కొసలూ అదే స్విచ్‌లో ఉన్నాయి. వెళ్లిన సమాచారమే తిరిగొచ్చి దాని మీద పడుతోంది.

వాచ్‌మన్ బాబాయిని అడిగాను.

"చీకట్లో కాలికి తగిలి వైరు కొస ఊడిపోనాదమ్మా. కాళీ కన్నం కనబడితే ఎట్టేసినాను."

"నాకు చెప్పొద్దా బాబాయ్?"

"కరెంటు పోగానే నువ్వు ప్రార్థనకి కూకున్నావు. మద్దిలో లేపుతారేటి?"

కేబుల్ తీశాక రిపోర్టు వెళ్లింది, రోగిని లోపలికి తీసుకెళ్లారు. దేవునికి స్తోత్రం అనడానికి మాత్రం నాకు కాసేపు పట్టింది.