మరదల్ని చెల్లెల్ని చేసిన ప్రోగ్రాం

ముందే చెప్తా ఉండాను, మధ్యలో ఎవురన్నా నవ్వితే లేచి పోతాను. మొన్న ఆదివారం ఆత్మకూరులో నా పెళ్లి చెడిపోబోయింది రా. చెడగొట్టబోయింది గిట్టనోళ్లు కాదు. నేనే. నేను కూర్చోని, బుర్ర పెట్టి, నా చేత్తో రాసిన సి ప్రోగ్రాం!

సునంద సంగతి మీకు తెలుసు గదా. ఆనందరావు మామ కూతురు, మర్రిపాడులో టీచరు. మామేమో మా తాత చెల్లెలి కొడుకు. అంటే మా నాయనకి మేనత్త కొడుకు, బావ. అందుకని నాకు మామ, ఆ పిల్ల నాకు మరదలు. ఆ పిల్లంటే నాకు ప్రాణం, దాపరికం ఏముందిలే. చేసుకుంటే సునందనే చేసుకుంటానని అమ్మతో ఎప్పుడో చెప్పేసినాను. తకరారంతా మామతోనే. ఆయన లెక్కల హెడ్మాస్టరు. చెప్పులు కొనాలన్నా నాలుగు అంగళ్లు తిరిగి, ఆఖరికి కొనకండా ఇంటికొచ్చే రకం. అట్టాంటాయన ఎట్టనో ఒప్పుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఆత్మకూరులో వాళ్లింట్లో ప్రధానం, అదే నిశ్చితార్థం. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేసి ఉంగరం మార్పిస్తే అయిపాయె.

నేను ఊరికే ఉండుంటే అయిపోయేది. నేను ఊరికే ఉంటానా?

మన జిలానీ ఆత్మకూరులో కంప్యూటర్ సెంటర్ పెట్టినాడు గదా, పురుగుమందుల అంగడి మీద మేడలో. దాని ఓపెనింగు కూడా ఆదివారం పొద్దున్నే. చర్చి అయినాక రెండు కుటుంబాలోళ్లూ ఆడికొచ్చి, చూసి, ఆణ్ణించి మామ ఇంటికి పోవాలని ప్లాను. జిలానీ ఏదన్నా గేమ్ పెడదాంరా, జనం బాగా చూస్తారు అన్నాడు. నాకు కోపమొచ్చింది. మద్రాసులో యూనిక్సు మిషను మీద పనిచేసే మనిషిని, నేనుండంగా గేమేంది? కాబోయే మామ ముందర నా తడాఖా చూపించాల గదా!

నా దగ్గర సరుకు ఉండాది మరి. ఆఫీసులో ఖాళీ దొరికినప్పుడల్లా ఒక ప్రోగ్రాం రాసినాను. దాని పేరు 'వరస'. మా వంశంలో ఎవురికి ఎవురు పుట్టినారో అంతా మా అవ్వనడిగి అందులో ఎక్కించినాను. రెండు పేర్లు కొడితే చాలు, రెండో మనిషి మొదటి మనిషికి ఏమవతారో తెర మీద పడతాది. పిన్నమ్మా, మేనమామా, బావమరిదీ, ఏదైనా సరే. మద్రాసులో బ్రహ్మాండంగా నడిచింది. ఫ్లాపీలో ఏసుకోని శనివారం ఆత్మకూరు బస్సు దిగినాను.

జిలానీ మిషన్లో పెట్టి కంపైల్ కొడితే, అంటే మనం రాసిందాన్ని మిషను భాషలోకి మార్చమంటే, ఎర్రర్లు! ఒకటి కాదు, తెర నిండా. వాడి దగ్గరుండేది డాసు మీద నడిచే టర్బో సి. నేను రాసింది మద్రాసులో ఉండే జిసిసి అనే ఇంకో కంపైలర్ కోసం. తేడా ఏందంటే, జిసిసిలో ఒక ఫంక్షన్, అంటే ఒక పని చేసే ముక్క, దాని కడుపులో ఇంకో ఫంక్షన్ రాసుకోవచ్చు. నెస్టెడ్ ఫంక్షన్లంటారు. నిజానికి సి భాషలో అట్టాంటి రూలే లేదు, ఆ కంపైలరు ముద్దుచేసి ఒప్పుకుంటాది, అంతే. టర్బో సి ఒప్పుకోదు. జిలానీకి విషయం చెప్తే వాడు మెల్లగా గేమ్ ఫ్లాపీ తీసినాడు. లోపల పెట్టు దాన్ని, మధ్యాహ్నానికల్లా అన్ని ఫంక్షన్లూ బయటికి లాగేస్తానని నేను చొక్కా చేతులు మడిచినాను.

మీకు అర్థమయ్యేటట్టు చెప్తా. ఇంట్లో వంటగది ఉండాదనుకోండి. లోపల వండేటామె చెయ్యి చాపి ఇంట్లోవాళ్ల ఉప్పుడబ్బా తీసుకుంటాది. ఎవురింటి డబ్బా వాళ్లది, గొడవ లేదు. నెస్టెడ్ ఫంక్షను అట్టాంటిదే, బయట ఫంక్షన్లో ఉండే వేరియబుల్సు, అంటే విలువలు దాచుకునే డబ్బాలు, దానికి అందుబాటులో ఉంటాయి. ఇప్పుడా వంటగదిని పెరికి తెచ్చి వీధిలో పెట్టినాను. డబ్బా అందదు గదా? పద్ధతైన మనిషైతే ఏం చేస్తాడు, ఎవురి డబ్బా వాళ్ల చేతికిచ్చి పంపిస్తాడు. అంటే పారామీటరుగా పంపాల. దానికి ప్రతి ఫంక్షనూ తిరగరాయాల. ఎండలు మండిపోతా ఉండాయి, గంటకోసారి కరెంటు పోతా ఉండాది, మిషనుకి బ్యాటరీ కూడా లేదు. నేనేం చేసినానంటే, వేరియబుల్సన్నీ తీసుకపొయ్యి ఫైలు నెత్తిమీద పెట్టేసినాను. గ్లోబల్! వీధి మధ్యలో ఒకటే డబ్బా, అందరూ దాంట్లోనే తీసుకోండి, దాంట్లోనే పోసుకోండి అన్నట్టు.

ఎర్రర్లన్నీ మాయం. నన్ను నేనే మెచ్చుకున్నాను.

టెస్టింగ్ చెయ్యలేదనుకుంటారేమో, చేసినాను. నా పేరు, మా చెల్లెలి పేరు కొడితే 'చెల్లెలు' అనింది. మా పెదనాయన కొడుకుని కొడితే 'అన్న'. మా పిన్నమ్మ కూతుర్ని కొడితే మళ్లా 'చెల్లెలు'. అన్నీ కరెక్టు! మా నాయనకి తోడబుట్టిన ఆడోళ్లు లేరు, మా అమ్మకి తోడబుట్టిన మగోళ్లు లేరు. కాబట్టి మా ఇంట్లో బావా మరదలని టెస్ట్ చేసేదానికి దగ్గరోళ్లు ఎవురూ లేరు. ఆ ముక్క అప్పుడు నా బుర్రకి తట్టలేదు.

ఆదివారం అందరూ వచ్చినారు. చెప్పులన్నీ మెట్ల మీదనే విప్పించినాడు జిలానీ, కంప్యూటర్‌కి దుమ్ము పడదని. పాస్టరుగారు, మామ, అత్త, మా నాయన, అమ్మ, వాళ్ల వెనకాల తెల్ల చీర కట్టుకోని సునంద. నేను మిషను పక్కన నిలబడి లెక్చరు మొదలుపెట్టినాను. మనిషి పొరపాటు పడతాడు, కంప్యూటర్ పడదు, దానికి మొహమాటం లేదు, మన పర అని లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తాదని గొంతెత్తి మరీ చెప్పినాను. మామ తలకాయ ఊపతా ఉండాడు. లెక్కల మనిషి గదా, ఆయనకి బాగా నచ్చింది.

నాదీ చెల్లెలిదీ కొట్టినాను. చప్పట్లు. పెదనాయన కొడుకుది కొట్టినాను. మళ్లా చప్పట్లు. పాస్టరుగారు కళ్లద్దాలు సర్దుకోని దగ్గరికి జరిగినాడు. అప్పుడు మామ, జన్మలో నవ్వనోడు, నవ్వుతా అన్నాడు:

"నీదీ మా సునందదీ కొట్టు అల్లుడా, చూద్దాం."

నేను ఆ పిల్లవైపు ఒక చూపు చూసి, టపటపా కొట్టి, ఎంటర్ మీద వేలు గట్టిగా వేసినాను. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు పడినాయి.

'చెల్లెలు'.

ఒక్కరు చప్పట్లు కొడితే ఒట్టు! స్పెల్లింగ్ తప్పు కొట్టినానేమోనని ఇంకోసారి కొట్టినాను. మళ్లా అదే. మా నాయన ముందుకొచ్చి, ఇదేందిరా, ఆనందరావు నాకు మేనత్త కొడుకైతే వాడి కూతురు నీకు చెల్లెలెట్టా అవతాదిరా అని గదమాయించినాడు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మామకి మాత్రం నిజం ఎక్కడం లేదు. మిషను ఎక్కింది.

తెరనే చూస్తా గడ్డం గోక్కున్నాడు. పాతకాలంలో వరికుంటపాడు వైపునించి ఒక బిడ్డని పెంపకానికి తెచ్చుకున్నారని ఎవురో అన్నట్టు గుర్తు, ఆ దారిలో ఏదన్నా మెలిక ఉండాదేమో, మనకి తెలవనిది దానికి తెలిసుండచ్చు అని మొదలుపెట్టినాడు. దానికి తెలిసేదేంది, మా అవ్వ చెప్పిందే గదా నేను ఎక్కించింది! అదే చెప్పినాను. ఆయన వినలేదు.

"కంప్యూటర్ తప్పు చెప్పదని ఇప్పుడే గదా నువ్వు చెప్పింది? ఈ పూటకి ప్రధానం ఆపుదాం. వరికుంటపాడు పెద్దోళ్లని విచారించి తర్వాత చూద్దాం."

ఆ మనిషి 'తర్వాత చూద్దాం' అంటే ఏందో నాకు తెలుసు. ఒప్పించడానికే ఒక యుగం పట్టింది, ఇంకోసారి ఒప్పుకోడు. మిషను ముందర కూలబడి, ఒక్క పది నిమిషాలియ్యండి మామా, ప్రోగ్రాంలో తప్పుండాది, సరిచేసి చూపిస్తానని బతిమాలినాను. నోరు జారి ఇంకో గుంట తవ్వుకున్నాను. "అంటే, నీకు కావాల్సిన మాట వచ్చేదాకా దాన్ని మారుస్తావా?" అన్నాడు. నిజం చెప్పినా అబద్ధంగానే వినపడతాది. జిలానీగాడు మూల నిలబడి గేమ్ ఫ్లాపీతో విసురుకుంటా ఉండాడు.

పాస్టరుగారు అప్పటికే సంచి భుజానికి తగిలించుకున్నాడు. అందరూ మెట్లవైపు తిరిగినారు. అప్పుడు సునంద నోరు తెరిచింది. ఆ పిల్ల అంతమందిలో మాట్లాడతాదని నేననుకోలేదు.

"నాయనా, నీదీ అమ్మదీ కూడా కొట్టించు."

మామ చేసుకుంది సొంత మేనత్త కూతుర్ని. ఊరంతటికీ తెలుసు. ఇద్దరి పేర్లూ మా అవ్వ చెప్పంగా నేను ఎక్కించినవే. కొట్టమని మామే అన్నాడు. పేర్లు కొట్టి, ఎంటర్ ఈసారి మెల్లగా నొక్కినాను.

'చెల్లెలు'.

మామ తెరవైపు చూసినాడు. అత్తవైపు చూసినాడు. అత్త కొంగు సర్దుకోని, ముఖంలో ఏ మార్పూ లేకండా అనింది:

"అయితే పద అన్నా, ఇంటికి పోదాం. అన్నం చల్లారిపోతా ఉండాది."

ఇంక చూస్కో! ముందు పాస్టరుగారు పగలబడినాడు, తర్వాత మా నాయన, తర్వాత మెట్ల మీద చెప్పులేసుకునే వాళ్లందరూ. మామ కాసేపు బిగబట్టి, బిగబట్టి, ఆఖరికి ఆయనా నవ్వేసినాడు. నేను తప్ప అందరూ నవ్వినారు. పాస్టరుగారు సంచి దించి, ప్రధానానికి టైమవతాంది నడవండి అన్నాడు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

తప్పు యాడుందో ఆ నవ్వుల మధ్యలోనే నాకు వెలిగింది. వరస తేల్చాలంటే పైన తోడబుట్టినోళ్లు ఇద్దరు దొరకాల. ఆ ఇద్దరూ అన్నదమ్ములైనా అక్కచెల్లెళ్లైనా పిల్లలు అన్నాచెల్లెళ్లు. ఒకరు ఆడ, ఒకరు మగ అయితే బావామరదళ్లు. నా ప్రోగ్రాం నావైపు పైకి పొయ్యి మా తాతని పట్టుకోని 'మగ' అని రాసుకుంటాది. తర్వాత సునందవైపు పొయ్యి మా తాత చెల్లెల్ని పట్టుకోని 'ఆడ' అని రాసుకుంటాది. నెస్టెడ్‌గా ఉన్నప్పుడు ఎవురిది వాళ్ల డబ్బాలో ఉండేది. నేను గ్లోబల్ చేసినాక డబ్బా ఒకటే అయింది, రెండోది మొదటిదాన్ని తుడిచిపారేసింది. మా తాత కూడా ఆడమనిషైపొయినాడు! ఇంక మేనరికమనేదే ఉండదు, వంశం మొత్తం అన్నాచెల్లెళ్లే. నెల్లూరు జిల్లాలో ఒక్క మరదలు లేకండా చేసినాను రా నేను.

ప్రధానం బాగా జరిగింది. ఉంగరం మార్చినాం, భోజనాలు చేసినాం. నాకు మాత్రం మనసొప్పలేదు. సాయంత్రం జిలానీ సెంటర్‌కి పొయ్యి, ప్రతి ఫంక్షన్‌కీ ఎవురి డబ్బా వాళ్ల చేతికిచ్చి, పద్ధతిగా తిరగరాసినాను. మా చెల్లెల్ని తోడిచ్చి సునందని పిలిపించినాను. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మళ్లా పేర్లు కొట్టి, ఎంటర్ నొక్కినాను. తెర మీద జిగేల్మని పడింది, 'మరదలు'! ఇప్పుడు ఏ కంపైలర్లో వేసినా ఇట్టనే వస్తాదని గొప్పగా చెప్పి, ఏమంటాదోనని ఆ పిల్ల ముఖంలోకి చూసినాను.

తెరని ఒకసారి, నన్ను ఒకసారి చూసింది.

"ఈ ముక్క మా అమ్మ నాకు ఉయ్యాల్లోనే చెప్పింది బావా. దీనికి ఇంత కరెంటు దేనికి?"

నేను స్విచ్చి ఆపేసినాను.