జొన్నలతో కట్టిన సుంకం

యుద్ధం ముగిసిన మరుసటి ఎండాకాలం మా పెద్దమ్మకు దొరల సీమ నుంచి పార్సెలు వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నరసరావుపేటలో ఒక దొరసాని ఇంట్లో వంట చేసేది. దొరసాని జబ్బుపడి తన దేశం వెళ్లిపోయాక పెద్దమ్మ కూలి పనుల్లో పడింది. ఆ దొరసాని బతికుందో లేదో కూడా మాకు కబురు లేదు. అందుకే పార్సెలు అనగానే పెద్దమ్మ పొయ్యి మీది సంకటి గాలికొదిలేసి పోస్టాఫీసుకు పరిగెత్తింది. వెనకాలే నేను.

పార్సెలు కళ్లెదుటే ఉంది, చేతికి మాత్రం రాలేదు. దాని మీద సుంకం పడిందన్నాడు పోస్టుమాస్టరు.

"ఊరికే పంపినదానికి సుంకమేందయ్యా? నేనేమన్నా కొనుక్కున్నానా?"

"కానుకైనా సరే, సముద్రం దాటి వస్తే కట్టాల్సిందేనమ్మా. శనివారం లోపల కట్టకపోతే వెనక్కి పంపేస్తాం."

నాకు ఒళ్లు మండింది. ఒకరు ప్రేమతో ఇస్తుంటే మధ్యలో సర్కారు చెయ్యి చాపడమేమిటి! పెద్దమ్మకు మాత్రం కోపం రాలేదు, భయం పట్టుకుంది.

"వెనక్కి పోతే నేను చచ్చాననుకుంటదే ఆయమ్మ" అని దారంతా అదే మాట.

మా ఇంట్లో డబ్బు కనబడేది తక్కువ. కూలి జొన్నల్లోనే వచ్చేది. చాకలికీ జొన్నలే, మంగలికీ జొన్నలే. ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు గింజలు తీసి దేవుడి కుండలో వేసేది పెద్దమ్మ. మా పేటలో ఆడవాళ్లందరూ అంతే, కుండ నిండితే ఆదివారం చర్చికి మోసుకుపోతారు. మర్నాడు ఆ కుండ నెత్తికెత్తుకుంటుంటే నేను నోరు తెరిచాను.

"దేవుడి గింజలు కదా పెద్దమ్మా!"

"నేను బతికున్నట్టు దేవుడికి తెలుసు. ఆయమ్మకే తెలవదు."

తిన్నగా వెళ్లి కుండను పోస్టుమాస్టరు బల్ల మీద దించింది. సుంకమంటే ఆమె లెక్కలో అదే మరి.

"సర్కారు జొన్నలు తీసుకోదమ్మా."

"ఏం, సర్కారోళ్లు తినరా?"

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. వరన్నం తినే తెనాలి వైపు మనిషి, జన్మలో సంకటి ముట్టి ఎరగడు. అయినా జొన్నలు ఒక సంచిలో పోయించుకున్నాడు.

"మా గేదెకు పనికొస్తాయిలే" అని జేబులోంచి సుంకం తీసి కట్టాడు. మంచివాడు. ఆయన మీద నిన్నంతా పళ్లు నూరినందుకు నాకే ఎట్లాగో అనిపించింది.

అక్కడే అరుగు మీద పార్సెలు విప్పాం. లోపల మోకాళ్ల దాకా వచ్చే మందపాటి ఉన్ని కోటు. చేత్తో ముట్టుకుంటేనే చెమట పట్టింది.

"దీనికా ఇంత తిప్పలు! ఇన్నేళ్లు మన ఎండల్లో మాడిన మనిషే కదా, అప్పుడే మరిచిపోయిందా?" అన్నాను చిరాగ్గా.

పెద్దమ్మ ఆ ఎండలోనే కోటు తొడుక్కుంది. మెడ దాకా గుండీలు పెట్టుకుంది. నుదుటి మీంచి చెమట కారుతోంది, కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"మరిచిపోలేదే. ఆడ చలికి వణుకుతా, నాకూ చలేస్తదేమో అనుకుంది. ఈడున్నన్నాళ్లూ ముసురు పట్టినప్పుడల్లా గదిలో కుంపటి పెట్టేదాన్ని. ఆడ ఎవురు పెడుతున్నారో ఏందో."