ఏడో ప్రాణం

పోల్‌కెరిన్ రేవు కొసన, రాతిగోడ మీది చిన్న గదిలో కూర్చుని, లవ్‌డే నాన్స్ ముప్పై ఎనిమిదేళ్ళుగా ఒకే ప్రశ్న అడుగుతూ వచ్చింది: "ఎన్ని ప్రాణాలు?"

రేవు దాటే ప్రతి పడవా ఆ గదికి లెక్క చెప్పి పోవాలి. కుర్రకారు పీతల బుట్ట ఎత్తి చూపి, "ఇందులో ఎన్ని ప్రాణాలు, అత్తా?" అని ఏడిపించేవారు. ఆమె నవ్వేది కాదు.

ఆ పని అప్పగిస్తూ తండ్రి చెప్పాడు: "ఒడ్డున నిలబడి చూసేవాళ్ళు జనం, పిల్లా. డబ్బిచ్చి ఎక్కేవాళ్ళు ప్యాసింజర్లు. వల లాగేవాళ్ళు చేతులు. సముద్రం మింగగలిగిన ప్రతి మనిషీ ప్రాణం. నువ్వు అడగాల్సింది ఆ ఆఖరి లెక్కే."

పనిలో చేరిన ఏడాదే, ఇరవై రెండేళ్ళప్పుడు, ఒక్కసారి అడగలేదు. "ఆరు చేతులు!" అని తన చేపల పడవ మీంచి జాగో కేకేశాడు. ఆరు రాసి, ప్రాణాల గడి ఖాళీగా వదిలేసింది. జాగో ఆడింది అబద్ధం కాదు. ఆడది ఎక్కితే చేప పారిపోతుందని నమ్మే రేవు అది. అందుకే జాగో తను పెళ్ళాడబోయే టామ్సిన్‌ని, లవ్‌డే సొంత అక్కని, మిగతావాళ్ళకు తెలియకుండా పడవ ముందు గదిలో గోనెల వెనక దాచాడు. అక్క సంతకు బస్సులో వెళ్ళిందనుకుంది లవ్‌డే. పడవ బండకు తగిలింది. లైఫ్‌బోటు ఆరుగురినీ ఎక్కించుకుని, లెక్క సరిపోయిందని తిరిగొచ్చింది. తలకు దెబ్బ తగిలిన జాగో మర్నాడు కళ్ళు తెరిచి, "టామ్సిన్ ఏది?" అన్నాడు.

పంతొమ్మిది వందల అరవై తొమ్మిది అక్టోబరులో ఒక మధ్యాహ్నం, పొగమంచు చెప్పులు విడిచి వచ్చినట్టు చప్పుడు లేకుండా రేవులోకి వచ్చింది. వైర్‌లెస్‌లో, చేపలకు వెళ్ళిన డెంజిల్ గొంతు.

"అత్తా, ఇంజను చచ్చింది. బండల వైపు కొట్టుకుపోతున్నాం. నలుగురం."

"చేతులా, ప్రాణాలా?"

"అబ్బా, ఇప్పుడా నీ సతాయింపు!"

గరగర. దాని వెనక ఎవరో ఆడమనిషి దగ్గి, మెల్లగా అంది: "ఐదు."

లైఫ్‌బోటు నలుగురిని తెచ్చింది. "ఐదో మనిషేదీ?" అంది లవ్‌డే.

"నేను ఐదు అనలేదత్తా, మా అమ్మ మీద ఒట్టు," అన్నాడు డెంజిల్.

"ముందు గదిలో చూశారా?"

నవ్వబోయిన లైఫ్‌బోటు సరంగు పెట్రాక్ ఆగిపోయాడు. ఆ గోనెల సంగతి తెలియనివారు ఊళ్ళో లేరు. "ఒక దగ్గు కోసం ఈ మంచులోకి మా ఎనిమిదిమందినీ మళ్ళీ పొమ్మంటావా?"

"ఈసారి నేను అడిగాను పెట్రాక్. జవాబొచ్చింది."

గొణుక్కుంటూనే వెళ్ళారు. గంట తర్వాత వైర్‌లెస్‌లో పెట్రాక్ పలికాడు. "ముందు గది కూడా వెతికాం. ఎవరూ లేరు. వచ్చేస్తున్నాం. తొమ్మిది ప్రాణాలు."

రోజూ చెప్పే గొంతే, రోజూ చెప్పే తీరే. ఆమె దిద్దలేదు.

మెట్ల దగ్గర నిలబడి లెక్కపెట్టింది. ఎనిమిదిమంది ఎక్కివచ్చారు. చివరివాడు మెరిన్ మోకాళ్ళు నొక్కుకుంటూ, "దారంతా నిలబడే వచ్చాను," అన్నాడు.

"బెంచీ ఖాళీయేగా?" అన్నాడు పెట్రాక్.

"లేదే. అక్కడ ఎవరో..." మెరిన్ వెనక్కి చూసి మాట మింగేశాడు.

పెట్రాక్ ముఖం పాలిపోయింది. "నేను ఎంతన్నాను, లవ్‌డే?"

"సరిగ్గానే అన్నావులే. వెళ్ళి వేడిగా టీ తాగు."

గదిలోకి వచ్చి పాత పుస్తకం తీసింది. ఆరు చేతుల పక్కన, ముప్పై ఎనిమిదేళ్ళుగా ఖాళీగా ఉన్న గడిలో ఏడు అని రాసింది. దాని పక్కన, ఒడ్డుకు చేరాయి అని.

రాస్తుంటే భుజం దగ్గర ఉప్పు వాసన, తడిసిన ఉన్ని వాసన. ఆమె తిరిగి చూడలేదు. కాస్త జరిగి, బెంచీ మీద చోటిచ్చింది.