దేవసహాయం గారి బొమ్మల అట్టలు

జూన్ నెల వచ్చిందంటే మా ఇంట్లో మైదా జిగురు వాసన. మనవరాలి పుస్తకాలన్నీ నేల మీద పరుచుకుని, కత్తెరా స్కేలూ పక్కన పెట్టుకుని అట్టలు వేయడానికి కూర్చుంటాను. బజార్లో ప్లాస్టిక్ కవర్లు దొరుకుతున్నాయి కదా అత్తయ్యా అని కోడలు ఏటా అంటుంది, నేను ఏటా వినిపించుకోను. కాగితం మడత మీద గోరు పెట్టి లాగితే సర్రుమని చిన్న చప్పుడొస్తుంది చూడండి, అది వినపడగానే నాకు దేవసహాయం గారు గుర్తొస్తారు. నాకు పని నేర్పిన మనిషి. ఆటోనగర్‌లో ఓ రేకుల షెడ్డులో స్క్రీన్ ప్రింటింగ్ చేసేవారు. విశాఖపట్నంలో ఆ రోజుల్లో పాప్ ఆర్ట్ అన్న మాట నోట పలికిన మనిషి ఆయనొక్కరేనని నా గట్టి నమ్మకం. ఎవరైనా కాదంటే నేను పోట్లాటకు సిద్ధం.

డ్రాయింగు పరీక్ష పాసై ఎలమంచిలి దగ్గర పల్లె నుంచి వచ్చి ఆయన దగ్గర చేరాను. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. పొగ తాగరాదు, తల జాగ్రత్త లాంటి బోర్డులతోనూ, రంగుల డబ్బాల లేబుళ్లతోనూ మా షెడ్డుకు తీరిక ఉండేది కాదు. చెక్క చట్రానికి బిగించిన సన్నటి గుడ్డ మీద రంగు పోసి, రబ్బరు పట్టీతో లాగితే కింద కాగితం మీద బొమ్మ పడుతుంది. అదే మా పని. నేను మాత్రం నా గొప్ప తెలియాలని సముద్రం మీద సూర్యోదయాలు గీసి పట్టుకెళ్లాను. ఆయన కళ్లజోడు పైకెత్తి అన్నీ ఓపిగ్గా చూశారు.

“బాగున్నాదమ్మా సముద్రం. పొద్దున్న పొయ్యి ఎలిగించినావా?”

“వెలిగించానండి.”

“అగ్గిపెట్టి మీద బొమ్మేటి?”

నాకు గుర్తు రాలేదు. ఆయన నవ్వారు. “సముద్రాన్ని అందరూ సూత్తారు. అగ్గిపెట్టిని రోజూ సేత్తో పట్టుకుంటారు, ఒక్కడూ సూడడు. అదీ ఎవడో ఒకడు కూకొని గీసిందే కదా. రేపు అది గీసి తే.”

నాకు ఒళ్లు మండింది. అగ్గిపెట్టె గీయడానికా నేను పరీక్షలు పాసయ్యింది! అయినా ఆ సాయంత్రం గీశాను. గీస్తుంటే తెలిసింది, దాని మీద ఉన్నది కోడిపుంజని, తోకలో ఎరుపు రంగు గీత దాటి బయటికి జారిందని, ఆ జారడంలోనే ఓ అందం ఉందని. మర్నాడు ఆ మాట చెబితే ఆయన నాకు టీ తెప్పించారు. అప్పట్నుంచి ఆయన్ని మాస్టారూ అని పిలవడం మొదలుపెట్టాను.

ఆయన ఇల్లు మల్కాపురంలో. అక్కడ మంచం కింద ఓ ఇనప ట్రంకు పెట్టె ఉండేది. హార్బరులో ఓడల కేబిన్లకు రంగులేసే బావమరిది ఒకాయన ఉండేవాడు. పాత కేబిన్లకు కొత్త రంగు వేసే ముందు గోడల మీద నావికులు తగిలించుకున్న బొమ్మలు తీసేయాలి కదా, వాటిని వాళ్లనడిగి, చిరక్కుండా చుట్టి బావగారికి తెచ్చి ఇచ్చేవాడు. ఏళ్ల తరబడి అలా చేరినవే ఆ పెట్టెలోవి. ఓ పెద్ద బొమ్మలో వరసగా ఒకే పళ్లపొడి డబ్బా, ఒక్కోటి ఒక్కో రంగులో. ఆకుపచ్చ ఐస్‌క్రీములు. అన్నిటికన్నా ఆయనకు ప్రాణం టెలిఫోను పట్టుకుని నవ్వుతున్న ఓ దొరసాని బొమ్మ. ముఖమంతా ఎర్ర చుక్కలే. కింద అంచున పెన్సిలుతో ఎవరిదో సంతకం. బొమ్మ వేసినవాడిదో, సరదా పుట్టిన నావికుడిదో మాకెప్పటికీ తెలియలేదు.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నాక ఆయన ఆ పాప్ ఆర్ట్ పుట్టిన కథ చెప్పేవారు. “పెద్ద యుద్ధం అయిపోనాక లండన్‌లో జనాలకి తిండి కూడా రేషనే. అప్పుడు అమెరికా పత్రికలు వచ్చేవంట. నిండా కేకులు, కార్లు, ఫ్రిజ్జులు. కొందరు కుర్రాళ్లు ఆటిని కత్తిరించి అతికించినారు. ఆకలితో సూసిన బొమ్మలమ్మా అవి! తరవాత అమెరికావోళ్లు అందుకున్నారు. ఆళ్లలో కొంతమంది మనలాగే బోర్డులు రాసుకున్నోళ్లే. ఇదిగో, ఈ గుడ్డా ఈ రబ్బరు పట్టీ పట్టుకునే గీసినారు.” అని భూతద్దం నా చేతికిచ్చి దొరసాని బుగ్గ మీద చుక్కలు చూపించేవారు. చవక అచ్చులో పడే చుక్కల్ని కావాలని పెద్దవి చేసి వేశారట. అప్పటిదాకా నాకు కూలిపనిలా తోచిన మా షెడ్డు ఆ మాటలతో కళకళలాడిపోయింది.

ఆ బొమ్మలన్నీ ఒక్కసారి గోడకెక్కాలన్నది ఆయన కోరిక. చుట్టాల్లో ఆయనకు కాగితాల పిచ్చోడని పేరు. “గోడకెక్కితే సాలమ్మా, నాను సెప్పక్కర్లేదు, అవే సెప్తాయి” అనేవారు. ఎన్నాళ్లో అడగ్గా అడగ్గా చర్చి పక్క హాలు ఒక ఆదివారానికి ఇస్తామని ఫాదరు గారు ఒప్పుకున్నారు. ఆ జూన్‌లో ఆయన నేల మీద నడిచారంటే నేను నమ్మను.

ఇక్కడ ఆయన భార్య కరుణమ్మ గారి గురించి చెప్పాలి. బడులు తెరిచే ముందు వాళ్ల లైనులో పిల్లలందరి పుస్తకాలకూ ఆవిడే అట్టలు వేసేది. అందుకోసం షెడ్డులో రంగు తప్పిన షీట్లు ఆయన ఏటా కట్ట కట్టి తెచ్చి వరండా బల్ల మీద పెట్టేవారు. ఆ ఏడు వానగాలికి చెమ్మపట్టాయని బొమ్మలు ట్రంకులోంచి తీసి, ఆరబెట్టి, కట్టగా చుట్టి, అలవాటు కొద్దీ అదే బల్ల మీద పెట్టి షెడ్డుకొచ్చేశారు. సాయంత్రం బొమ్మలకు దారాలు కట్టాలని ఇద్దరం వెళ్లేసరికి బల్ల ఖాళీ. కరుణమ్మ గారు చేతికంటిన జిగురు కడుక్కుంటూ ఎదురొచ్చింది.

“ఈ ఏడు కాగితం ఎంత బాగున్నాదండీ! మందంగా ఉన్నాది. పిల్లలు ఎగిరి గంతేసినారు.”

మాస్టారు బల్ల వైపు చూసి అలాగే కూలబడ్డారు. సంగతి తెలిశాక ఆవిడ భోరుమంది. “ఏటా మీరు పెట్టేది ఇక్కడే కదండీ! నాకేటి తెలుసు!” అంది. అందులో ఆవిడ తప్పేముంది? పెద్ద బొమ్మలన్నీ నాలుగేసి ముక్కలయ్యాయి. దొరసాని మాత్రం సరిగ్గా ఓ పుస్తకానికి సరిపోయిందట. నాకు ఏడుపొచ్చేసింది.

మర్నాడు పొద్దున్న ఆయన ఖాకీ కాగితం చుట్ట చంకన పెట్టుకుని నన్ను తోడు రమ్మన్నారు. బడి గేటు దగ్గర నిలబడి, పిల్లలకు కొత్త అట్టలిచ్చి పాతవి వెనక్కి తీసుకోవాలని ఆయన ఆలోచన. సన్నటి తుంపర పడుతోంది. వాళ్ల లైనులోనే ఉండే ఓ రిఫైనరీ కార్మికుడి కూతురు నూకరత్నం, ఆరో తరగతి, సాంఘికశాస్త్రం పుస్తకాన్ని తడవకుండా గుండెకు హత్తుకుని వచ్చింది. దొరసాని దాని మీద ఉంది.

“అమ్మా, ఆ అట్ట నాకిచ్చేస్తావేటి? కొత్తది వేసి ఇత్తాను.”

ఆ పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. “నానివ్వను తాతా. ఇలాటిది మా కలాసులో ఎవులికీ నేదు.”

మాస్టారు ఆ పిల్లనీ, పుస్తకాన్నీ చూశారు. ఆయన చేయి చాస్తే తీసేసుకోవచ్చు, పెద్దవాళ్లెవరూ అడ్డు చెప్పరు. ఆయన ఖాకీ చుట్ట నా చేతిలో పెట్టి, “ఉంచుకో తల్లీ, ఎల్లు, గంట కొట్టేస్తన్నారు” అన్నారు. తిరిగొస్తూ దారి పొడుగునా ఒకటే నవ్వు. “ఇన్నాళ్లూ పెట్టెలో ఉన్నాయి. ఎవరు సూసినారు సత్యవతీ? నానూ, నువ్వూ, బొద్దింకలూ! బజార్లో పుట్టిన బొమ్మలు. మళ్లీ బజార్లోకొచ్చి పడ్డాయి.”

ఆదివారం హాలు గోడలు ఖాళీగానే ఉన్నాయి. బెంచీల మీద మాత్రం మాస్టారు తెమ్మన్న పుస్తకాలు పరిచి, ఎవరి పుస్తకం పక్కన వాళ్లు కాపలా నిలబడ్డారు పిల్లలు. పళ్లపొడి డబ్బాల నాలుగు ముక్కలూ నాలుగిళ్లకు పోయాయి కదా, ఆ నలుగురూ కిందా మీదా పడి పుస్తకాలు అటూ ఇటూ జరిపి బొమ్మను కలిపేశారు. హాలంతా ఈలలు. పిల్లల వెనకే తల్లులొచ్చారు. ఒకావిడ డబ్బాల దగ్గర ఆగిపోయింది. “ఇలాటి డబ్బా మా ఇంట్లో ఉప్పుకి పెట్టుకున్నాను. దీనికి కూడా బొమ్మేటి బాబూ?” అంది. “అందుకేనమ్మా ఈ బొమ్మ” అన్నారు మాస్టారు. కరుణమ్మ గారు కొంగుతో కళ్లొత్తుకుంటూనే అందరికీ బిస్కెట్లు పంచింది.

పరీక్షలయ్యాక, వేసవి సెలవులకు ముందు, నూకరత్నం తనంతట తనే వచ్చి అట్ట తిరిగిచ్చింది. అంచులు నలిగాయి, ఓ మూల టీ మరక. దొరసానికి నీలం ఇంకుతో మీసం మొలిచింది. ఎదుట అంటించిన లేబులు మీద పేరు, తరగతి, సబ్జెక్టు. మాస్టారు మీసం చూసి కడుపుబ్బ నవ్వారు. మడత కూడా విప్పకుండా అలాగే ఫ్రేము కట్టించారు. నేను సొంతంగా షెడ్డు పెట్టుకున్న రోజున దాన్ని గోనెసంచిలో చుట్టి తెచ్చి చేతికిచ్చారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ బిస్కెట్ల కాగితమైనా సరే ఓసారి వెలుగులో చూడందే నేను పారేయలేను. షెడ్డులో రంగు తప్పిన షీట్లు ఏటా ఇంటికి తెచ్చుకుంటాను. ఇవాళ వాటితో అట్టలు వేస్తుంటే మనవరాలు గోడ మీద ఫ్రేము కేసి చూసి, లేబులు కూడబలుక్కుని చదివి, “నానమ్మా, ఈ బొమ్మ వేసింది నూకరత్నమా?” అని అడిగింది.

పెన్సిలు సంతకం ఆ మడత లోపలే ఉంది. నేను ఎప్పుడూ విప్పలేదు.

“సగం ఆవిడే” అన్నాను.